మోకు పట్టుకుని గరివిడి వెళ్ళొచ్చాను

గరివిడి చూడడానికని ఎవరూ వెళ్ళరు. ఒక ఫ్యాక్టరీ, దాని పొగ గొట్టాలు, ఆకుల మీద నల్లటి దుమ్ము. అంతే ఊరు. నేనూ చూడడానికి వెళ్ళలేదు. అక్కడ మూడు రోజులు సువార్త కూటాలు జరిగాయి, వాటికి వెళ్ళాను. తిరిగొచ్చిన దగ్గర్నుంచి మా వీధి ఆడవాళ్ళు ఏం విన్నావు, ఏం తిన్నావు అని ఒకటే పీక్కుతినడం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు. నేను చెబుతుంటే సుందరమ్మ రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు చదవడం వచ్చు, అక్కడితో సరి.

సుందరమ్మ నాతోపాటు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మా ఊరికి వచ్చి ఏడాదే అయింది. మంచి మనిషే, కానీ ఒక పిచ్చి ఉంది. పాఠాల పిచ్చి. ఏ వస్తువు కనబడినా అందులో దేవుడు ఏదో చెబుతున్నాడని ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది. చీపురు, పాఠం. దోమతెర, పాఠం. పప్పులో రాయి, పాఠం. ఆ రాయి ఏరవలసింది ఆమే, ఏరకుండా పాఠం రాసుకుంది.

ఈ పిచ్చి అంటించినవాడు ఒక ప్రసంగీకుడు. ఇప్పుడు గోడల మీద పోస్టర్లు, ఫోనుల్లో వీడియోలు. ఒకప్పుడు మా ఊరి మందిరంలోనే అయ్యగారు. నేను ఆయన్ని పాఠాల అయ్యగారు అంటాను.

ఒకరోజు బియ్యం చెరుగుతుంటే సుందరమ్మ ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. ఎంత బాగా చెప్పారో విను అంది. విన్నాను. ఒక ఊళ్ళో ఒక తాగుబోతు ఉన్నాడట. చెట్లెక్కే పని. తన చేతుల మీద తనకే నమ్మకమట. నడుముకి మోకు, అదే చెట్టెక్కే తాడు, కట్టుకోకుండా తాటిచెట్టు ఎక్కాడట. పడ్డాడట. విశ్వాసం అనే మోకు లేనివాడి గతి అంతేనట. భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందట. జనం ఆమెన్, ఆమెన్ అంటున్నారు.

ఆ కొంగు నాది. ఆ చెట్టు మా మందిరం వెనకాలది. పడినవాడు మా ఆయన.

సుందరమ్మకు ఆ సంగతి తెలియదు, నేనూ చెప్పలేదు. బియ్యం చెరగడం పూర్తి చేశాను. గరివిడిలో ఆయన కూటాలున్నాయి, వస్తావా అప్పా అని అక్క వరస పెట్టి ఆమె అడిగిన రోజు మాత్రం వెంటనే వస్తానన్నాను. చూరులో ఉన్న మా ఆయన మోకు తీసి, దుమ్ము దులిపి, సంచి అడుగున పెట్టి, మీద రెండు చీరలు మడిచి పెట్టాను. ఆ కథ ఆయన మళ్ళీ చెప్పకూడదు. చెబితే మొత్తం చెప్పాలి. నా ప్రయాణం అందుకే.

ఆమదాలవలస స్టేషన్

మా ఊరి స్టేషన్‌కి శ్రీకాకుళం రోడ్డు అని పేరు పెట్టారు. శ్రీకాకుళం ఎక్కడో ఉంది, రైలు మా దగ్గర ఆగుతుంది, పేరు వాళ్ళది. ఇలాంటివి చూసి చూసి నాకు అలవాటే.

పాసింజరు బండి గంట ఆలస్యం. టీ తాగుదామంటే గ్లాసు చూసి ఆశ్చర్యపోయాను. కంటికి మందు వేసుకునే సీసా మూత అంత ఉంది, ఏడు రూపాయలు. సుందరమ్మ బండి ఆలస్యం మీద కూడా ఒక పాఠం రాసుకుంది, ప్రభువు రాకడ గురించి. బండి రాకడకు సిగ్నలు ఉంటుంది, ప్రభువు రాకడకు ఉండదు, ఆ రెండూ ఒకటెలా అవుతాయే అంటే బుక్కు మూసింది.

రైలు పెట్టెలో ముంత మసాలా కొన్నాం. పది రూపాయలకు కాగితం పొట్లం నిండా ఇచ్చాడు, ఉల్లిపాయ ధారాళంగా వేశాడు. అమ్మేవాడు ఒక్క పాఠమూ చెప్పలేదు. అందుకే రుచిగా ఉందేమో.

పొందూరు

పొందూరులో సుందరమ్మ పిన్ని ఉంది, నీలమ్మ. దారిలోనే కదా, ఒక పూట ఉండి వెళ్దామని దిగాం. దిగుతుంటే నా చెప్పు తెగింది. సుందరమ్మ నోరు తెరవబోతే, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఆమె వైపు చూశాను. నోరు మూసుకుంది.

నీలమ్మది నూలు పని. పొందూరు ఖద్దరు అంటే ఎక్కడెక్కడివాళ్ళో కట్టుకుంటారు. ఆ ఖద్దరుకి మొదటి పని ఏమిటో నేను అప్పుడే చూశాను. వాలుగ చేప దవడ ఎముక. దానికి సన్న సన్న పళ్ళుంటాయి, దువ్వెన పళ్ళకన్నా సన్నం. దాంతో గింజ తీయని పత్తిని దువ్వుతారు. చెత్త రాలిపోయి పోగు మెరుస్తూ వస్తుంది. మా ఇళ్ళల్లో చేప దవడ పిల్లికి వేస్తాం. ఈ ఊళ్ళో దాన్ని గుడ్డలో చుట్టి దాచుకుంటారు.

నీలమ్మకు డెబ్బై ఏళ్ళుంటాయి. మేం మాట్లాడుతుంటే ఆమె చెయ్యి ఆగలేదు. మాకు పెసరపప్పు చారు, ఎండు నెత్తళ్ళ వేపుడు పెట్టింది. మా వైపు నెత్తళ్ళలో చింతపండు వేస్తాం, ఆమె వేయలేదు. అయినా బాగుంది. తిన్నాక సుందరమ్మ నోటుబుక్కు తీసింది. చేప ప్రభువు గుర్తు కదా, పత్తి మన ఆత్మ కదా, చెత్త పాపం కదా, ఇంత పాఠం ఎదురుగా ఉంటే ఇన్నాళ్ళూ తట్టలేదే అని తెగ సంబరపడింది.

నీలమ్మ దవడ ఎముకను ఆమె చేతిలో పెట్టింది. "పాఠం తరవాత రాద్దువుగాని. ముందు నాలుగు గింజలు దువ్వే సూద్దాం."

సుందరమ్మ దువ్వింది. ఎదురు దువ్వింది. పోగు తెగి ముద్దయింది, ఒక పన్ను చర్మంలో దిగి వేలికి నెత్తురు వచ్చింది. నీలమ్మ ముద్ద విడదీసి, ఎముక పళ్ళు విరిగాయేమోనని వెలుతురుకి పెట్టి చూసుకుంది. ఆ ఎముకలు గోదావరి వైపు నుంచి రావాలట, తెచ్చేవాడు ఈమధ్య రావడం లేదట. ఆమెకున్న దిగులు అది. అది ఎవరి నోటుబుక్కులోనూ ఎక్కలేదు.

గరివిడి, మొదటి రోజు

మర్నాడు చీపురుపల్లిలో దిగి చోడి అంబలి తాగి, అక్కడి నుంచి ఆటోలో గరివిడి చేరాం. ఆటోలో పదకొండు మందిమి. డ్రైవరు సగం బయట కూర్చుని నడిపాడు.

కూటాల మైదానంలో టెంటు హౌసు షామియానా వేశారు. ఎర్ర గుడ్డ, పచ్చ గుడ్డ, ఇనప గొట్టాలు. దాన్ని చూస్తూ కాసేపు నిలబడిపోయాను. ఇక్కడ తాటాకు అక్కర్లేదు. ఒక ఫోను చేస్తే లారీలో పందిరి వస్తుంది. మా ఊళ్ళో మూడేళ్ళ కిందట ఆ ఫోను చేసి ఉంటే సరిపోయేది.

ఆడవాళ్ళకు బడి వరండాలో బస ఇచ్చారు. మధ్యాహ్నం సాంబారన్నం పెట్టారు. నేను రోజూ ఎనభై మంది పిల్లలకు వండే మనిషిని, సాంబారు చూస్తే తెలుస్తుంది. పప్పు ఉడకలేదు, గుమ్మడికాయ కరిగిపోయింది. ఇంత సొమ్ము పోసి మైకులు తెచ్చినవాళ్ళు ఒక ఆడమనిషిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టలేకపోయారు.

సాయంకాలం పాఠాల అయ్యగారు వచ్చారు. తెల్లబట్టలు, చెవికి తగిలించిన మైకు, కాస్త పొట్ట. బల్ల మీద వస్తువులు పేర్చారు. కుక్కరు, ఫోను చార్జరు, బస్సు టిక్కెట్టు. కుక్కరు ఎత్తి పట్టుకుని, విజిలు రాకపోతే లోపల ఆవిరి లేనట్టు, స్తుతి రాకపోతే లోపల ఆత్మ లేనట్టు అన్నారు. జనం ఆమెన్ అన్నారు. విజిలు రాకపోతే లోపలి రబ్బరు సాగిపోయిందని అర్థం. జన్మలో ఎప్పుడైనా కుక్కరు కడిగినవాడికి అది తెలుస్తుంది.

నా మాటలు విని నాకు భక్తి లేదనుకుంటారేమో. ఉంది. పొద్దున పొయ్యి అంటించే ముందు ఒక మాట చెప్పుకుంటాను, అన్నం దించాక ఒక మాట చెప్పుకుంటాను. దేవుడి మీద నాకు కోపం లేదు. మా ఆయన గురించి దేవుడు ఎక్కడా ప్రసంగం చెయ్యలేదు.

రెండో రోజు, స్టేజి వెనక

రెండో రోజు మధ్యాహ్నం అయ్యగారు స్టేజి వెనక గుడారంలో భోజనం చేస్తున్నారని తెలిసింది. మాకు సాంబారు, ఆయనకు కోడికూర. సుందరమ్మ కునుకు తీస్తోంది. సంచి పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. అయ్యా, ఆ కథ మానెయ్యండి. అంతే అనాలి, ఏడవకూడదు.

ఆయన నన్ను గుర్తు పట్టలేదు. మూడేళ్ళలో నేను చిక్కిపోయిన మాట నిజమే, కానీ ఆయన నా ముఖం వైపు చూస్తేగా. నేను మోకు తీసి పట్టుకున్నాను. ఆయన చూపు దాని మీద పడింది. ఎంగిలి చేతిని పక్కకు పెట్టి, ఎడమ చేత్తో తడిమి చూశారు. ఇది చెట్టెక్కే మోకే కదమ్మా అని అడిగారు. అవునన్నాను. ఇంత మంచి వస్తువు ఇన్నాళ్ళూ దొరకలేదు, రేపు పొద్దున కూటంలో దీని మీద ఒక ఉదాహరణ చెబుతాను, తీసుకుని స్టేజి మీదికి రా, నీకూ దీవెన అన్నారు.

కూడబలుక్కున్న మాటలు ఎటో పోయాయి. ఒక్కసారి అనిపించింది, ఇక్కడే ఈ విస్తరి ఆయన తెల్లబట్టల మీద తిరగెయ్యాలని. తిరగెయ్యలేదు. తెస్తానన్నాను.

వరండాకి వచ్చి ఆలోచించాను. స్టేజి ఎక్కి నిజం చెబితే ఆ పడినవాడు ఎవరని జనం అడుగుతారు. పేరు చెప్పాలి. మా ఆయన పేరు నా నోటితో నేనెప్పుడూ అనలేదు. మావా అనేదాన్ని. నలుగురిలో అయితే మా ఆయన, ఆసుపత్రి చీటీ దగ్గర పక్కమనిషి చెప్పేది. పేరు అంటే ఆయుష్షు తరుగుతుందని మా అత్త నేర్పింది. బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. తరగడానికి ఇంకా ఏం మిగిలిందని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా నోరు రాలేదు. పెదాలు కదిపి చూశాను, గాలే వచ్చింది.

మూడో రోజు, స్టేజి మీద

పొద్దున కూటానికి జనం బాగా వచ్చారు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. అయ్యగారు నన్ను పిలిచారు. మెట్లెక్కి మోకు ఇచ్చి పక్కన నిలబడ్డాను. కింద సుందరమ్మ కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది, నోటుబుక్కు ఒళ్ళో ఉంది.

ఆయన కథ మొదలుపెట్టారు. తాగుబోతు, తన చేతుల మీద నమ్మకం, మోకు లేకుండా ఎక్కడం. చెబుతూ చెబుతూ, మోకు ఉంటే ఎలా నిలబడతామో చూడండి అని దాన్ని షామియానా గొట్టం చుట్టూ తిప్పి నడుముకి కట్టుకున్నారు. దూడను గుంజకు కట్టినట్టు కట్టారు. ముడి మీద ముడి, దాని మీద ముడి. వెనక్కి వాలారు. గొట్టం కదిలింది, పై గుడ్డ ఊగింది. ఒకరిద్దరు నవ్వారు. ఆయన కూడా నవ్వి, చూశారా పడలేదు అన్నారు.

అప్పుడు అడిగాను. చేతిలో వేరే మైకు లేదు. ఆయన చెంప దగ్గరున్న దానికే దగ్గరగా వెళ్ళి అడిగాను.

"అయ్యగారూ, మోకు కట్టకుండా ఎక్కినోడి మోకు సెట్టు పైన ఎలాగ దొరికినాది?"

ఆయనకు అర్థం కాలేదు. జనం వైపు తిరిగి చెప్పాను. పడిన మూడో రోజున మా మరిది చెట్టెక్కి చూశాడు. మోకు పైన మట్ట మొండికి తగిలించి ఉంది. చుట్టచుట్టి, కొస లోపలికి దోపి, రోజూ ఇంట్లో చూరుకి ఎలా తగిలిస్తాడో అలాగే. ఈ మోకే అది. కట్టుకునే ఎక్కాడు. తాటాకు నరకాలంటే మట్టల్లోకి దూరాలి. మట్టల్లోకి దూరాలంటే మోకు విప్పి తగిలించాలి. ఎవరైనా అంతే చేస్తారు.

మధ్య వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. వేళ్ళు వంకర్లు పోయి, ఛాతీ మీద చెట్టు రాసుకున్న మచ్చలు. ఎవరో నాకు తెలియదు. "ఇప్పక ఎలాగెల్తాడు బాబూ, సెట్టు తలకాయ మోకులో పడతాదేటి?" అన్నాడు. మళ్ళీ కూర్చున్నాడు.

మిగతాది కూడా చెప్పేశాను. మా ఆయన తాగుబోతు కాదు. పండక్కి తాగేవాడు, అందరు మగవాళ్ళలాగే. ఆ రోజు ముందు రాత్రంతా వాన. చెట్టు తడిగా ఉంది, రెండు రోజులు ఆగుదామన్నాడు. మర్నాడే మందిరంలో కూటాలు, పందిరికి ఆకు కావాలి. దేవుని పనికి తడేమిటి పొడేమిటి అన్నారు అయ్యగారు. చెట్టు కింద గొడుగు వేసుకుని నిలబడ్డారు. ఆకులు ఎన్ని పడ్డాయో లెక్క చెబుతున్నారు. పద్దెనిమిదో ఆకు తరవాత ఆకు పడలేదు.

ఎక్కడో ఫ్యాక్టరీ మిషను చప్పుడు మాత్రం వినబడుతోంది. ఎవరో ఆడమనిషి ముందు వరసలోంచి మెల్లగా అడిగింది, ఆయన పేరేంటమ్మా అని.

నిన్నటిలాగే గాలి వస్తుందేమో అనుకున్నాను.

"అప్పన్న" అన్నాను.

మైకులో పడింది. నాలుగు స్పీకరు డబ్బాల్లోంచీ వినబడింది. ఆ పేరు అంత పెద్దగా ఎవరూ ఎప్పుడూ పిలిచి ఉండరు.

అయ్యగారు తెలివైనవాడే. దుఃఖంలో ఉన్న ఈ సహోదరి కోసం అందరం కళ్ళు మూసుకుని ప్రార్థిద్దాం అన్నారు. అందరూ మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆయన నోరు ప్రార్థన చేస్తోంది, చేతులు ముడి లాగుతున్నాయి. స్టేజి దిగి పోదామని ఆయన తొందర. ముడి రావడం లేదు. ఎంత లాగితే అంత బిగుస్తోంది, అలా కట్టుకున్నారు మరి. ప్రార్థన సాగదీశారు. లోకంలోని రోగులందరూ అయ్యారు, మంత్రులు అయ్యారు, వానలు అయ్యాయి. ముడి రాలేదు.

చివరికి నేనే ఒంగి విప్పాను. మా ఆయన చేతులు చూసి చూసి నాకు ఆ పని తెలుసు. కొస వెనక్కి తోసి, లోపలి చుట్టు వదులు చేసి, ఒకటి, రెండు, మూడు. అంత దగ్గరగా ఉన్నప్పుడు మైకును చేత్తో మూసి అడిగాను.

"సెట్టు తడిగా ఉన్నాదని ఆయన సెప్పినాడు. మీరు ఇన్నారు గదా."

అప్పుడు నా ముఖం చూశారు. గుర్తు పట్టారు. పెదాల మీద ప్రార్థన ఆగిపోయింది.

"విన్నాను" అన్నారు.

ఆ ఒక్క మాటే. మైకులో రాలేదు, నాకే వినబడింది. క్షమించమని అడగలేదు, నేనూ ఇవ్వలేదు. మోకు చుట్టచుట్టి కొస లోపలికి దోపి మెట్లు దిగాను. వెనకాల జనం ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు, ఆమెన్ రాలేదు కదా, ఎప్పుడు తెరవాలో వాళ్ళకు తెలియలేదు.

తిరుగు బండి

సాయంకాలం కూటానికి మేం ఉండలేదు. స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నాం. అయ్యగారు ఆ కథ తరవాత ఎక్కడైనా చెప్పారో లేదో నాకు తెలియదు. చెబితే చెప్పనివ్వండి, గరివిడిలో విన్నవాళ్ళు ఉన్నారు, ఆ ముసలాయన ఉన్నాడు.

బండిలో సుందరమ్మ నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడగలేదు. పొందూరు దాటాక నోటుబుక్కు తీసి ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టింది. చదవలేకపోయినా, వేలు ఎక్కడ పెట్టిందో చూసి తెలుసుకున్నాను. ఫోనులో విన్న రోజే మోకు మీద రాసుకున్న పాఠం. వేలికి పొందూరులో గుచ్చుకున్న దవడ పన్ను మచ్చ ఇంకా ఉంది.

"సింపేయమంటావా అప్పా" అంది.

వద్దన్నాను. చింపితే మా ఆయన అందులోంచి కూడా పోతాడు. కింద ఖాళీ ఉంటే అక్కడ రాయమన్నాను.

"ఏటని రాయను?"

రెండోసారి అనడం అంత కష్టం కాలేదు. అప్పన్న అని రాయమన్నాను. తడి చెట్టు అని రాయమన్నాను. పద్దెనిమిది ఆకులు అని రాయమన్నాను. బండి కుదుపుకి అక్షరాలు వంకర్లు పోతున్నాయని ఆగి ఆగి రాసింది. ఆమదాలవలస వచ్చేదాకా అదే పని.

పొందూరులో తెగిన చెప్పు మాత్రం ఇంకా కుట్టించలేదు.